అడిగాకనా, అడగకముందేనా

ఆ రోజుల్లో మనుషులకి తీరిక ఎక్కువుండేదో, పాపభయం ఎక్కువుండేదో నాకిప్పటికీ తెలీదు గాని, ఏది తప్పు, ఏది ఒప్పు అన్న విషయం మీద హౌరాలో మా టికియాపారా పేట తెలుగువాళ్ళు వాదించుకున్నంతగా హైకోర్టు ప్లీడర్లు కూడా వాదించుకుని ఉండరు. హౌరా వంతెన మీద ట్రాములు నడిచే కాలం అది. మావాళ్ళలో చాలామంది భీమిలి, బొబ్బిలి, శ్రీకాకుళం వైపు నుంచి తాతల నాడు రైలు పనులకని వచ్చి, పట్టాల పక్కనే కాపురాలు పెట్టి, అక్కడే పిల్లల్ని కని, అక్కడే చర్చి కట్టుకుని స్థిరపడ్డవాళ్ళు. (కట్టుకోలేదు లెండి. బెంగాలీ సంఘంవాళ్ళ చర్చినే, పొద్దున్న వాళ్ళ ఆరాధన అయిపోయాక, మధ్యాహ్నం మాకిచ్చేవారు.) పగలంతా షెడ్డులో చాకిరీ చేసి వచ్చి, సాయంత్రం టీ ముంత చేతిలో పడగానే ఎవరో ఒకరు మొదలెట్టేవారు. "ఒరే, ట్రాములో కండక్టరు మన దాకా రాకముందే మన స్టాపు వచ్చీసిందనుకో. దిగిపోతే అది దొంగతనమేటి?" ఈ ఒక్క ప్రశ్న మీద ఎన్ని ఆదివారాలు నడిచాయో చెప్పలేను. చివరికి చర్చిలో గంట కొట్టే పెద్దాయన మనసు నలిగిపోయి, ఒకరోజు ట్రామెక్కి, టికెట్టు తీసుకుని, వెంటనే దిగిపోయి, గంగ దాటి ఇంటిదాకా నడుచుకుంటూ వచ్చాడు. పాత పాపం ఒకటి పోయిందన్నాడు. కాళ్ళకి మాత్రం వాళ్ళావిడ ఆముదం రాయాల్సి వచ్చింది.

ఈ వాదనల పిచ్చి చూసి మా పాస్టరుగారు (అందరం అయ్యగారు అనేవాళ్ళం) దాన్నొక దారిలో పెడదామని యౌవనస్థుల కూటమి తరఫున నెలకోసారి వాదపోటీ ఏర్పాటు చేశారు. రెండే రెండు నియమాలు. మొదటిది, బైబిలు వాక్యాలు చెప్పకూడదు. ఎవరి బుర్రలోంచి వచ్చింది వాళ్ళే మాట్లాడాలి. అంతకుముందు ఒకసారి ఇద్దరు సంఘపెద్దలు ఒకరిమీదొకరు వాక్యాలు విసురుకుని, ఆనక కుర్చీలు కూడా విసురుకున్నారు. అందుకని ఆ నియమం. రెండోది, ఎవరు ఏ పక్షం వాదించాలో వాళ్ళు ఎంచుకోకూడదు. చందా సంచీలో చీటీలు వేసి తియ్యాలి. చేతికి ఏది వస్తే అది దేవుడిచ్చిన పక్షం. తను నమ్మనిదాన్ని కూడా నిజాయితీగా వాదించగలిగినవాడికే ఎదటివాడి బాధ తెలుస్తుందని అయ్యగారి ఉద్దేశం. ఎంత గొప్ప ఉద్దేశమో చూశారా. నా బతుకుని నిలువునా ముంచింది ఈ ఉద్దేశమే.

అప్పటికి నేను భీమిలి నుంచి వచ్చి బాబాయి ఇంట్లో ఉంటూ హౌరా గూడ్సు ఆఫీసులో గుమాస్తాగా చేరాను. బాబాయి రైలుపెట్టెల చక్రాలు తనిఖీ చేసేవాడు. సుత్తితో కొట్టి, ఆ చప్పుడు విని, పగులుందో లేదో చెప్పే పని. నాకు అక్షరాలు కుదురుగా వస్తాయనీ, హార్మోనియం కాస్త వాయిస్తాననీ నన్ను కూటమికి సెక్రటరీని చేశారు. ఆ పదవి చేతికి వచ్చాక నా నడక కూడా మారిందని పిన్ని అంటుండేది. నిజమే అయ్యుంటుంది. కాకపోతే నడక మారడానికి అసలు కారణం వేరు. గూడ్సుబండికి గార్డుగా పనిచేసే ఒక సంఘపెద్ద ఉండేవారు. ఆయన రెండో అమ్మాయి పాటల బృందంలో రెండో వరసలో నిలబడి పాడేది. నేను హార్మోనియం ముందు కూర్చుంటే సరిగ్గా కళ్ళెదురుగా ఉండేది. నేను తప్పు మెట్టు నొక్కినప్పుడల్లా పాట ఆపకుండా ఒక్కసారి నా వైపు చూసేది. ఆ చూపు కోసం నేనెన్ని తప్పు మెట్లు నొక్కానో లెక్కలేదు. మా సంఘంలో హార్మోనియం అంత అధ్వాన్నంగా వాయించినవాడు అంతకుముందూ లేడు, తర్వాతా లేడు. గార్డుగారికీ మాకూ ఏ చుట్టరికమూ లేకపోయినా మొదటి రోజు నుంచీ నేనాయన్ని "మావయ్యగారూ" అనే పిలిచాను. ముందుచూపు గలవాణ్ణి మరి.

పెళ్ళిమాటలు మగపిల్లవాడి తరఫు పెద్ద వెళ్ళి మాట్లాడాలి. మా నాన్న పోయి అప్పటికి చాలా ఏళ్ళయింది. కాబట్టి ఆ పెద్ద బాబాయే. ఇంతవరకూ బాగానే ఉంది. ఏం బాగాలేదంటే, బాబాయికీ గార్డుగారికీ మాటల్లేవు.

ఎందుకు లేవంటారా? ప్రార్థన వల్ల. మావాళ్ళు వారానికొక ఇంట్లో గృహకూటం పెట్టుకునేవారు. ఆ వారం గార్డుగారి ఇంట్లో. చాపలు పరిచారు, పాటలు పాడాం, లోపల సేమ్యా పాయసం ఉడుకుతున్న వాసన వస్తోంది. చివరి ప్రార్థన చెయ్యమని అయ్యగారు బాబాయిని అడిగారు. బాబాయి కళ్ళు మూసుకుని, దేశాన్నీ సంఘాన్నీ రైల్వేనీ వరసగా దీవించుకుంటూ వచ్చి, ఆ ఇంటి దగ్గర ఆగాడు. "ప్రభువా, ఈ ఇంటి యజమాని మంచివాడే గాని కోపం ఎక్కువ. కూరలో ఉప్పు తగ్గిందని అన్నం పళ్ళెం ఇసిరే ఆ చెయ్యిని నువ్వే పట్టుకో తండ్రీ. ఆ తల్లి కన్నీళ్ళు తుడువు తండ్రీ." అందరం "ఆమేన్" అన్నాం. అన్నిటికంటే గట్టిగా వినిపించిన ఆమేన్ గార్డుగారి భార్యది. (పళ్ళెం సంగతి పిన్నికి చెవిలో చెప్పింది ఆవిడే. పిన్ని ఎవరికీ చెప్పలేదు, బాబాయికి తప్ప. బాబాయి కూడా ఎవరికీ చెప్పలేదు, దేవుడికి తప్ప.) కళ్ళు తెరిచి చూస్తే గార్డుగారి కళ్ళు అప్పటికే తెరిచి ఉన్నాయి. ప్రార్థన మధ్యలో ఎవరినీ ఆపకూడదు కదా, పాపం ఆయన పళ్ళు బిగబట్టి మొత్తం విన్నారు. తర్వాత లేచి, ఇంటికొచ్చినవాళ్ళకి మర్యాద చెయ్యాలి కాబట్టి, అందరికీ తన చేత్తోనే పాయసం అందించారు. బాబాయికి కూడా. ఆ గిన్నె ఇవ్వడమే ఆఖరు. మళ్ళీ మాట లేదు.

కాలనీ అంతా రెండు ముక్కలైంది. "నేను ఆయన్నేటీ అన్లేదే. అనాలంటే ఆయనతో మాటాడాల కదా. నేను మాటాడింది దేవుడితో," అనేవాడు బాబాయి. "దేవుడితో అయితే మెల్లగా మాటాడొచ్చు కదేటి. దేవుడికి చెవుడేటి," అనేవారు గార్డుగారు. ఒకడి గురించి నిజమైన మాటతో, మంచి మనసుతో ప్రార్థన చేస్తే అది పరువు తియ్యడం అవుతుందా, కాదా? చాడీ దేవుడికి చెప్పినా చాడీయేనా? టీ కొట్టు బెంగాలీ దాదాకి కూడా ఎవరో ఈ కేసు వివరించారు. ఆయన పొయ్యి విసురుకుంటూ, "మీ దేవుడికి తెలుగు రాకపోయుంటే గొడవే లేదు దాదా," అని తీర్పు చెప్పాడు. అంతకంటే మంచి తీర్పు నేను ఇప్పటిదాకా వినలేదు.

మా సంఘంలో ఒక కట్టుబాటుంది. నెలలో మొదటి ఆదివారం ప్రభుబల్ల. మనసులో ఎవరి మీదైనా పగ ఉన్నవాళ్ళు ఆ రొట్టె, ద్రాక్షారసం ముట్టకూడదు. ఆ మనిషితో రాజీపడి, సమాధానపడి రావాలి, లేదా ప్రసంగం అవగానే లేచి బయటికి వెళ్ళిపోవాలి. దాంతో ప్రతి నెలా ఆ సమయానికి బాబాయి ఎడమ తలుపులోంచీ, గార్డుగారు కుడి తలుపులోంచీ బయటికి పోయేవారు. బయట ఉన్నది ఒకటే అరుగు. అక్కడ చెరో చివర కూర్చుని, లోపల పాట అయ్యేవరకూ రైళ్ళు చూస్తుండేవారు. హార్మోనియం వాయిస్తూ కిటికీలోంచి నేనా ఇద్దరి వీపుల్నీ చూసేవాణ్ణి. ఆ రెండు వీపుల మధ్య ఉన్న ఖాళీలో నా పెళ్ళి కూర్చుని ఉన్నట్టు అనిపించేది.

ఇది చాలదన్నట్టు గోరుచుట్టు మీద రోకటిపోటు. బిలాస్‌పూర్ నుంచి గార్డుగారి అమ్మాయికి సంబంధం వచ్చింది. కుర్రాడు టికెట్ కలెక్టరు. నల్లకోటు. ఈస్టరు పండగ అయ్యాక మాట ఇస్తానని గార్డుగారు చెప్పారట. ఈ వార్త విన్న రోజు నాకు అన్నం సయించలేదు. ఆఫీసులో బియ్యం వ్యాగను రాయాల్సిన చోట బొగ్గు వ్యాగను రాసి తిట్లు తిన్నాను. ఈస్టరులోగా ఆ ఇద్దరూ సమాధానపడాలి, బాబాయి వెళ్ళి మాట్లాడాలి. లేకపోతే ఇక నాకు బతుకే లేదని నిశ్చయంగా నమ్మాను. ఇరవైమూడేళ్ళ వయసులో మనిషి అటువంటివి చాలా సులువుగా నమ్ముతాడు.

అప్పుడు తట్టింది నాకా దివ్యమైన ఆలోచన. సెక్రటరీని నేనే కదా. ఆ నెల వాదపోటీకి అంశం పెట్టేది నేనే కదా. పెట్టాను: "తప్పు చేసినవాడు అడగకముందే క్షమించవలెనా, అడిగిన తర్వాతనే క్షమించవలెనా?" వాదించేవాళ్ళుగా బాబాయినీ గార్డుగారినీ పిలిచాను. ఇద్దరూ మంచి మాటకారులే. పైగా రానంటే భయపడ్డాడంటారు, అందుకని ఇద్దరూ ఒప్పుకున్నారు. నా లెక్క ఏమిటంటే, క్షమాపణ గురించి ఒక గంటసేపు నోరారా మాట్లాడినవాడు ఇంటికెళ్ళాక క్షమించకుండా ఎలా ఉంటాడు? ఈ లెక్క ఎంత తప్పో చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు, కాస్త వయసుంటే చాలు. నాకు రెండూ లేవు.

పోటీ రోజు చర్చి కిక్కిరిసిపోయింది. ఎప్పుడూ రానివాళ్ళు కూడా వచ్చారు. బెంగాలీ సంఘం నుంచి ఒక మాస్టారు కూడా వచ్చి, ఒక్క తెలుగు ముక్క రాకపోయినా, ముందు వరసలో కూర్చుని తలాడిస్తున్నారు. అయ్యగారు చందా సంచీ చాపారు. గార్డుగారు చెయ్యి పెట్టి తీశారు: "అడగకముందే." అంటే బాబాయికి మిగిలింది "అడిగిన తర్వాతనే." నా గుండె గంతులేసింది. మనసు నొచ్చుకున్నది గార్డుగారు. ఆయన చేతనే, అడగకముందే క్షమించాలని దేవుడు వాదింపజేస్తున్నాడు. నొప్పించింది బాబాయి. అడగడం తప్పనిసరి అని బాబాయి నోటితోనే పలికిస్తున్నాడు. ఇంకేం కావాలి? ఆయన అడగకముందే క్షమిస్తాడు, ఈయన క్షమించకముందే అడుగుతాడు, ఇద్దరూ సగం దారిలో కలుసుకుంటారు. పాటల వరస వైపు చూశాను. ఆ అమ్మాయి కూడా నా వైపు చూసింది. ఈసారి హార్మోనియం మెట్టు నొక్కకుండానే చూసింది.

గార్డుగారు లేచి తెల్లప్యాంటు సర్దుకుని మొదలెట్టారు. ఆయన్ని నేనెప్పుడూ అలా చూడలేదు. "నన్ను ఒకడు నొప్పించేడనుకోండి. వాడొచ్చి అడిగిన దాకా నేను క్షమించనంటే ఏటర్థం? నా మనశ్శాంతి తాళంచెవి పట్టుకెళ్ళి వాడి జేబులో పెట్టినట్టే కదా. వాడు మర్చిపోతే? వాడు వేరే ఊరు బదిలీ అయిపోతే? వాడు చచ్చిపోతే? నా ఇంటి తలుపు బయటే నేను జీవితాంతం కూకోవాలేటి? నేను గూడ్సుబండిలో ఆఖరి పెట్టెలో ఒక్కణ్ణే పోతుంటాను. రాత్రంతా ఎవరూ ఉండరు. ఉన్నదల్లా నా కోపమూ, నేనూ. ఆ కోపం వల్ల ఎదటోడికి ఏటీ అవదు. వాడు ఇంటి దగ్గర హాయిగా పడుకుంటాడు. మేలుకునుండేది నేను." ఆయన భార్య కొంగు కళ్ళకి అద్దుకుంది. ఇది వాదన కాదు, ఆయన కడుపులో ఉన్న మాట అని అందరికీ తెలిసిపోయింది.

తర్వాత బాబాయి. సుత్తి చేతిలో లేకపోయినా ఉన్నట్టే చెయ్యి ఊపుతూ మాట్లాడాడు. "అడగకుండా క్షమించడమంటే ఏటి? ఎదటోడు తప్పు చేసేడని నువ్వే తీర్పు చెప్పీసి, నువ్వే శిక్ష రాసీసి, మళ్ళా నువ్వే మాఫీ చేసీడం. వాడికి ఈ సంగతేటీ తెలీనే తెలీదు. అది క్షమాపణ అవదండి, గర్వం అవుద్ది. రేపు నా దగ్గరికి ఎవడో వచ్చి, పోన్లే నిన్ను క్షమించీసేను అంటే నాకు ఒళ్ళు మండిపోద్ది. ఎందుకంటే నేను చేసిందేటో నాకు చెప్పలేదు, నన్ను నోరు విప్పనివ్వలేదు. చక్రంలో పగులుందనుకోండి. పైన రంగేసి పంపించీవచ్చు. చూడ్డానికి బాగానే ఉంటాది. ఖర్గపూర్ దాటేక తెలుస్తాది. అడగడమంటే పగులు చూపించడం. చూపించనిదాన్ని ఎలగ బాగుచేస్తారు?" వెనకబెంచీలవాళ్ళు చప్పట్లు కొట్టారు. తెలుగు రాని మాస్టారు "బాః, బాః" అన్నారు. గార్డుగారు కుర్చీలో ముందుకి వంగి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, ఒక్క మాట కూడా వదలకుండా వింటున్నారు.

అయ్యగారు ఎవరు గెలిచారో చెప్పలేనన్నారు. బహుమతి ఒక కప్పూ, సాసరూ. కప్పు గార్డుగారికీ, సాసరు బాబాయికీ ఇచ్చేశారు. ఇద్దరూ వేదిక దిగి, అందరి ముందూ ఎదురెదురుగా నిలబడ్డారు. "మంచి మాట చెప్పేరు," అన్నారు గార్డుగారు. "మీరు కూడానండి. నా మనసు మార్చీసేరు," అన్నాడు బాబాయి. "నాదీ మారిపోయిందండి," అన్నారాయన. చెయ్యి చెయ్యి కలుపుకున్నారు. ఆ క్షణంలో నేను పెళ్ళికి బూట్లు ఎక్కడ కొనాలా అని ఆలోచించాను. కొత్త మార్కెట్టులోనే కొందామని తీర్మానించుకున్నాను కూడా.

ఇంటికొస్తూ ఆనందం పట్టలేక, "అయితే బాబాయ్, రేపు గార్డుగారింటికి వెళ్దామేటి?" అన్నాను. బాబాయి ఆగాడు. "ఎందుకురా?" అన్నాడు. "అదే, ఆ ప్రార్థన సంగతి ఒక్కమాట అడిగీసి..." అన్నాను. బాబాయి నా భుజం మీద చెయ్యి వేసి, ఎప్పుడూ లేనంత మెత్తగా చెప్పాడు. "ఒరే, అడగాలని నేను వాదించింది చీటీలో వచ్చింది కాబట్టి. ఆయన చెప్పింది విన్నావా? ఏం చెప్పేడు! అడగకముందే క్షమించాల. అదీ అసలు క్షమాపణ. ఆ మనిషి ఈపాటికి నన్ను క్షమించీసుంటాడు. ఇప్పుడు నేను పోయి అడిగీసేననుకో, ఆయన పుణ్యం నేను పాడుచేసినట్టే కదేటి. ఆ పాపం నాకెందుకు?"

అయినా ఇంకా గార్డుగారున్నారు కదా అనుకున్నాను. మర్నాడు స్టేషన్లో ఆయన్ని పట్టుకున్నాను. పచ్చజెండా చంకలో పెట్టుకుని టీ తాగుతున్నారు. "మావయ్యగారూ, మీరు నిన్న చెప్పినట్టు అడగకముందే..." అనేసరికి ఆయన తల అడ్డంగా ఊపారు. "అబ్బాయ్, నీకు నిజం చెప్పీస్తున్నాను. ఈ ఈస్టరుకి మీ బాబాయిని క్షమించీదామని నేను లోపల సిద్ధపడిపోయేను. నిన్న పొద్దున్న కూడా అదే అనుకున్నాను. మీ బాబాయి నా కళ్ళు తెరిపించేడు. అడగకుండా క్షమిస్తే అది నా గర్వమట. ఎంత మాట! అలగని నేనెప్పుడూ అనుకోలేదు. ఇక నేను తొందరపడను. ఆయనొచ్చి పగులు చూపించనీ. పెద్దమనిషి, తప్పకుండా వస్తాడు. కాసుకుని ఉంటాను."

అదీ నేను సాధించిన ఘనకార్యం. వినాయకుణ్ణి చెయ్యబోతే కోతి అయిందంటారు. (సామెతకి మతం లేదు లెండి.) ఎవరు వాదించినదాన్ని వాళ్ళే నమ్మి ఉంటే ఆ సాయంత్రమే సమాధానపడేవారు. అసలు పోటీయే పెట్టకపోయుంటే ఈస్టరుకి గార్డుగారంతట ఆయనే క్షమించేవారు. నేను పోటీ పెట్టి, ఇద్దరు మంచివాళ్ళ చేత ఒకరి మనసొకరు మార్పించాను. ఇప్పుడు ఇద్దరికీ ఒకరిమీదొకరికి ఎంత గౌరవమో చెప్పలేను. ఆ గౌరవం చేతనే ఇద్దరూ కదలకుండా కూర్చున్నారు. పగనైతే ఎప్పుడో ఒకప్పుడు విసుగొచ్చి వదిలేస్తారు. సిద్ధాంతాన్ని ఎవరు వదులుతారు?

ఈ ఇంటికీ ఆ ఇంటికీ తిరిగాను. "బాబాయ్, నువ్వు చెప్పిందే ఆయనిప్పుడు నమ్ముతున్నాడు, వెళ్ళి అడుగు," అన్నాను. "అయ్యో, అలగా? అయితే ఆయన చెప్పిందే నేను నమ్ముతున్నానని ఆయనకి చెప్పు," అన్నాడు బాబాయి. వెళ్ళి చెప్పాను. గార్డుగారి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "అంత మంచివాడురా మీ బాబాయి," అన్నారు. అక్కడితో ఆగిపోయారు. అయ్యగారి దగ్గరికెళ్ళి, మళ్ళీ ఒకసారి పోటీ పెట్టి చీటీలు తిరగెయ్యమని బతిమాలాను. ఆయన అప్పటికే తల పట్టుకుని కూర్చున్నారు. ఎందుకంటే జబ్బు సంఘమంతా అంటుకుంది. మరుసటి మొదటి ఆదివారం ప్రసంగం అయ్యేసరికి లేచిపోయినవాళ్ళు ఇద్దరు కాదు, దాదాపు సగం మంది. తమని ఎవరో ఎప్పుడో నొప్పించి, ఇంకా అడగలేదని ఒక్కొక్కరికీ గుర్తొచ్చింది. తమనెవరో అడగకుండానే క్షమించాల్సి ఉండగా క్షమించలేదని ఇంకొందరికి గుర్తొచ్చింది. పిన్ని కూడా లేచింది. బాబాయి మీద. బయట అరుగు మీద చోటు చాలక జనం పట్టాల దాకా నిలబడ్డారు. లోపల రొట్టె మిగిలిపోయింది. అయ్యగారు నన్ను పక్కకి పిలిచి, "బాబూ, ఇక కొన్నాళ్ళు ఏ అంశమూ పెట్టకు," అన్నారు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఈస్టరు వచ్చింది, వెళ్ళింది. బిలాస్‌పూర్‌కి మాట ఇచ్చేశారు.

పెళ్ళిలో పాడే పాటలు సాధన చెయ్యడానికి ఒక సాయంత్రం చర్చికి వెళ్ళాం. పెళ్ళికూతురే బృందంలో ఉండటంతో ఆమె లేకుండా రెండో వరస నిలబడదు. తన పెళ్ళిపాట తనే నేర్పుతోంది, నేను వాయిస్తున్నాను. ఆ రోజు ఒక్క తప్పు మెట్టు కూడా నొక్కలేదు. మిగతావాళ్ళు వెళ్ళిపోయాక వాన పట్టుకుంది. వరండాలో ఇద్దరమే. పట్టాల మధ్య నీళ్ళు నిలిచాయి. ఆమె కాసేపు వాన చూసి, "సెక్రటరీగారూ, మీకేటైనా చెప్పాలని ఉందేటి?" అంది. అన్నేళ్ళలో ఆమె నాతో విడిగా మాట్లాడిన మొదటి మాట అది. ఏం చెప్పానో వినండి. "మీ నాన్నగారూ మా బాబాయీ మనసు మార్చుకున్నది నిజమే గాని, ఇద్దరూ ఒకేసారి మార్చుకోవడం వల్ల వచ్చింది చిక్కు. ఎవరో ఒకరు పాత అభిప్రాయానికి తిరిగి వచ్చేలా చూడాలి. నేనింకా ప్రయత్నం చేస్తూనే ఉన్నాను," అన్నాను. ఆమె నా వైపు చాలాసేపు చూసింది. "అలగా. సరే, చేయండి," అంది. వాన తగ్గకముందే కొంగు తలమీద కప్పుకుని వెళ్ళిపోయింది. ఆ రాత్రి నేనెంత ఏడ్చానో రాయను. పిన్ని మాత్రం జలుబనుకుంది.

పెళ్ళయింది. హార్మోనియం వాయించాను. వడ్డన కూడా చేశాను, నల్లకోటు పెళ్ళికొడుక్కి రెండోసారి బిర్యానీ వేశాను. మర్నాడు సంఘమంతా హౌరా స్టేషనుకి వెళ్ళి అమ్మాయిని బండెక్కించాం. ఆమె తల్లిని పట్టుకుని ఏడ్చింది, తండ్రి కాళ్ళకి దండం పెట్టింది, మా అందరికీ చేతులు జోడించింది. నాకూ జోడించింది. బండి కదిలింది. ఎన్ని బళ్ళకో పచ్చజెండా ఊపి పంపించిన గార్డుగారు ఆ ఒక్క బండిని మాత్రం చూడలేకపోయారు. బండి ప్లాట్‌ఫాం దాటేసరికి ఒళ్ళు తూలి, ఎవరో ఒకరి భుజం కోసం చెయ్యి చాపారు. ఆ చేతికి దొరికిన భుజం బాబాయిది. బాబాయి ఆయన్ని రెండు చేతులా పట్టేసుకున్నాడు. గార్డుగారు ఆ చొక్కాలో మొహం పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చారు. బాబాయి కూడా ఏడ్చాడు. ఎవరూ ఎవరినీ అడగలేదు. ఎవరూ ఎవరినీ క్షమించలేదు. ఆ ప్రశ్నే ఇద్దరికీ గుర్తు రాలేదు. ఊరంతా నెలల తరబడి కొట్టుకుచచ్చిన ధర్మసందేహం ఆ ప్లాట్‌ఫాం మీద ఒక్క నిమిషంలో ఆవిరైపోయింది. వాళ్ళు సమాధానపడటానికి ఒక పెళ్ళి కావాల్సి వచ్చింది. అది నాది కాకపోవడమే నా ఖర్మ.

అయ్యగారు నన్ను టీ పట్రమన్నారు. ముంతలు పట్టుకుని తిరిగొచ్చేసరికి ఇద్దరూ ప్లాట్‌ఫాం మీదున్న ఒకే పార్సిలు పెట్టె మీద పక్కపక్కన కూర్చుని ఉన్నారు. గార్డుగారు ముక్కు తుడుచుకుంటూ అంటున్నారు. "పిల్లని అంత దూరం పంపడం నాకిష్టమేటి అన్నయ్యా? ఈ ఊళ్ళోనే, మన సంఘంలోనే ఎవడైనా కుర్రాడుంటే ఇచ్చీదును. పెద్దోళ్ళు రాకపోతే మానె, వాడే వచ్చి ఒక్కమాట అడిగినా ఇచ్చీదును. రోజూ కళ్ళెదురుగా ఉండేది. పండగ దాకా చూసేను. ఒక్కడు వచ్చి అడగలేదు." బాబాయి ఆయన వీపు నిమురుతూ, లోకంలో ఉన్న జ్ఞానమంతా తనదే అన్నట్టు నిట్టూర్చాడు. "అడగాల మరి. అడగనిదే ఎవరికి ఎలగ తెలుస్తాది?"

ఇన్నేళ్ళు గడిచాయి. తర్వాత నాకూ పెళ్ళయింది, పిల్లలయ్యారు. నా భార్య ఇదంతా చదివి, "పాపం, ఆవిడ అదృష్టవంతురాలు," అని కాగితాలు పక్కన పెట్టింది. నేనేమీ వాదించలేదు. అప్పుడప్పుడు మాత్రం ఆ ప్లాట్‌ఫాం మీద రెండు చేతులా టీ ముంతలు పట్టుకుని, నోరు తెరుచుకుని, కొయ్యబారి నిలబడ్డ ఆ సెక్రటరీ కళ్ళ ముందు కనిపిస్తాడు. ఒకప్పుడు వాణ్ణి చూస్తే చెంప పగలగొట్టాలనిపించేది. ఇప్పుడు అంత కోపం లేదు. వేళ్ళు కాలుతున్నట్టున్నాయి, ముందు ఆ టీ వాళ్ళిద్దరికీ ఇచ్చెయ్యరా అబ్బాయ్, అని చెప్పాలనిపిస్తుంది.